పన్నెండుమంది కావాలి

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో కొత్తగా ఏదైనా పిండివంట మొదలుపెట్టామనుకోండి. మొదటి వాయి తియ్యగానే ఏం చేస్తాం? చిన్న పళ్ళెంలో నాలుగు పెట్టి పక్కింటికి పంపిస్తాం. “ఎలా కుదిరాయో చెప్పండి” అని కబురు కూడా చేస్తాం. ఆవిడ తిని, “ఉప్పు చాల్లేదండీ” అంటే రెండో వాయికి సర్దుకుంటాం. వంటల్లో ఇది మనకు అలవాటే. కాని ఈ కాలంలో మన ఇళ్ళల్లో పిల్లలు చేస్తున్న కొత్త వంట ఒకటుంది. దాన్ని రుచి చూసి చెప్పేవాళ్ళు మాత్రం ఓ పట్టాన దొరకటం లేదు. ఇవాళ దాన్ని గురించి నాలుగు మాటలు చెప్తాను.

ఆ వంట పేరు యాప్. ఫోనులో మనం రోజూ వాడుకునేవే. ఆఫీసు పని ముగిశాక మన పిల్లలు, పసివాణ్ణి నిద్రపుచ్చాక మన కోడళ్ళు, రాత్రి పదింటికి కూర్చుని సొంతంగా ఒక యాప్ తయారుచేసుకుంటున్నారు. అది జీతం వచ్చే పని కాదు, ఎవరూ పురమాయించిన పనీ కాదు. ఏదో ఇబ్బంది కళ్ళబడింది, దానికో ఉపాయం తోచింది, చేస్తున్నారు. చెయ్యటం వాళ్ళకు చేతనవును. అయితే తయారైనదాన్ని నలుగురి చేత వాడించి చూడాలి కదా, ఆ నలుగురూ దొరకటమే గగనమైపోతోంది.

నేను పదో తరగతితో చదువు చాలించినదాన్ని. ప్రోగ్రాములు రాయటం నాకు రాదు. కాని మా అన్నయ్య కూతురు ఈ పనిలో దిగి పడ్డ అవస్థ పక్కనుండి చూశాను. అందులో మనలాంటి ఇల్లాళ్ళకు ఎంత పాత్ర ఉందో అప్పుడు తెలిసింది.

ముందు ఆ నియమం ఏమిటో చెప్తాను. ఆండ్రాయిడ్ ఫోనుల్లో మనం యాప్‌లు దించుకునే గూగుల్ ప్లే స్టోరు ఉంది చూశారూ, అందులో యాప్ పెట్టాలంటే తయారుచేసినవాళ్ళు ముందు ఖాతా తెరవాలి. దానికి ఒక్కసారి 25 డాలర్ల రుసుము కడితే సరిపోతుంది. కాని 2023 నవంబరు 13 తరవాత వ్యక్తిగతంగా ఖాతా తెరిచినవాళ్ళకు ఇంకో షరతు ఉంది. యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కొంతమంది చేత వాడించి చూపించాలి. మొదట్లో 20 మంది కావాలన్నారు. 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించారు. ఆ 12 మందీ ఎడతెగకుండా 14 రోజులు పరీక్షకుల జాబితాలో ఉండాలి. కంపెనీల పేరున తెరిచిన ఖాతాలకు ఈ షరతు లేదు. ఒంటరిగా చేసుకునేవాళ్ళకే ఉంది. ఎవరు పడితే వాళ్ళు పనికిమాలినవీ, మోసపువీ తెచ్చి అంగట్లో పెట్టకుండా ఇది ఒక వడపోత అన్నమాట. వీళ్ళనే వాళ్ళు టెస్టర్లంటారు.

పన్నెండుమందేనా, పెళ్ళి భోజనాలకు వడ్డించేవాళ్ళే అంతమంది ఉంటారు కదా అనిపిస్తుంది. దిగితే గాని లోతు తెలియదు.

మా మేనకోడలికి రెండేళ్ళ పిల్ల. పిల్ల పుట్టాక ఉద్యోగం మానుకుంది. మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలంటే, “ఈ రెండేళ్ళూ ఏం చేశారు?” అని అడుగుతారట. దానికి సమాధానంగా తనే ఒక పని చేసి చూపించాలని పట్టుదల పట్టింది. ఇంటి పద్దుల యాప్ తయారుచేసింది. పాల ప్యాకెట్లు, మంచినీళ్ళ టిన్నులు, పేపరు, ఇస్త్రీ, పనమ్మాయి జీతం, చిట్టీ వాయిదా – క్యాలెండరు మీద గీతలు పెట్టుకుంటామే, ఆ లెక్కలన్నీ అందులో రాసుకోవచ్చు. నెలాఖరుకు ఎవరికెంత ఇవ్వాలో అదే కూడి చెప్తుంది. నాలుగు నెలలు రాత్రిళ్ళు కూర్చుని చేసింది.

తరవాత ఒకరోజు, “అత్తయ్యా, పన్నెండుమంది కావాలి” అని ఫోను చేసింది. చుట్టాల్లో, స్నేహితురాళ్ళలో అడిగి పదముగ్గురిని పోగుచేసింది. తొమ్మిదో రోజుకు పదకొండుమంది మిగిలారు. ఒకావిడ కొడుకు, “తెలియని యాప్‌లు ఎందుకమ్మా” అని ఆవిడ చేత తప్పింపించాడు. ఇంకొకావిడ ఏం నొక్కిందో ఆవిడకే తెలియదు, జాబితాలోంచి బయటికి వచ్చేసింది. సంఖ్య పన్నెండుకు తగ్గేసరికి తొమ్మిది రోజుల లెక్కా పోయింది, మళ్ళీ మొదటి రోజు నుంచీ రావలసి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఎవరో తగిలారు. “కొంత సొమ్మివ్వండి, పన్నెండుమందిని మేం చూపిస్తాం. మీరు ఎవరినీ బతిమాలక్కర్లేదు” అన్నారట. ఇలా టెస్టర్లను అద్దెకిచ్చే వ్యాపారం ఒకటి బయల్దేరింది. మా పిల్ల ఆ రాత్రి దాదాపు డబ్బు కట్టేసేదే. “కట్టేస్తే నా పని అయిపోతుంది కదత్తయ్యా” అంది. నేనన్నాను, “అమ్మాయీ, పన్నెండు సంతకాలు కావాలంటే కొనుక్కోవచ్చు. నీ యాప్‌లో లోపాలు తెలియాలంటే మాత్రం కొనుక్కున్నవాళ్ళు చెప్పరు. ఒక్క వారం ఆగు” అని.

మా అపార్టుమెంటులో సాయంత్రం పూట కింద కూర్చునే ఆడవాళ్ళను అడిగాను. లలితా సహస్రనామం చదువుకునే బృందంలో అడిగాను. పనమ్మాయిని కూడా అడిగాను, ఆ అమ్మాయికీ ఫోనుంది, ఆరిళ్ళ లెక్కలు ఉన్నాయి. అందరూ కలిసి పదిహేడుమంది అయ్యారు. వాళ్ళు ఆ పద్నాలుగు రోజుల్లో ఏం కనిపెట్టారో వింటే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఒకావిడ, “నేను పదిరోజులు మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను, పాలు ఆపించాను. ఇందులో ‘ఊరెళ్ళాం’ అని చెప్పే దారేదీ?” అంది. నిజమే, ఆ ఏర్పాటు లేదు. మరొకావిడ, “పాల ధర నెల మధ్యలో పెరిగితే మొదటి పదిహేను రోజులకు కూడా కొత్త ధరే వేస్తోంది” అంది. ఇంకొకావిడ డెబ్భై ఏళ్ళ పెద్దావిడ. చూపు ఆనక ఫోనులో అక్షరాలు బాగా పెద్దవి చేసి పెట్టుకుంది. ఆవిడ ఫోనులో ‘సరే’ అనే గుర్తు తెర కిందికి జారిపోయి కనిపించటమే లేదు. పాపం ఆవిడ మూడు రోజులు, తనకే వాడటం రాలేదనుకుంది.

పనమ్మాయి చెప్పింది మరీ విలువైనది. “ఇందులో ‘ఇవ్వాల్సింది’ ఉంది గాని ‘నాకు రావాల్సింది’ లేదమ్మగారూ” అంది. జీతం ఇచ్చేవాళ్ళ వైపు నుంచే యాప్ తయారైంది గాని, పుచ్చుకునేవాళ్ళ సంగతి మా పిల్లకు తోచలేదు.

ఇక చివరిది. మా మూడో అంతస్తావిడ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. “పోపులడబ్బాలో దాచుకునేది కూడా ఇందులో రాసుకోవచ్చన్నారు. మావారు ఫోను తీసి చూస్తే కనబడుతుందా?” అని. మీరు నవ్వుతున్నారు, నాకు తెలుసు. కాని అందులో ఎంత సంగతి ఉందో చూడండి. మన ఇళ్ళల్లో చాలామంది ఆడవాళ్ళ ఫోను అందరిదీ. పిల్లలు ఆడుకుంటారు, ఆయన మాట్లాడతారు. ఒంటరిగా గదిలో కూర్చుని యాప్ రాసుకునే పిల్లకు ఈ మాట ఎక్కణ్ణించి తెలుస్తుంది? ఆవిడ అడిగాకనే, ఆ దాచుకునే పద్దుకు విడిగా తాళం పెట్టింది.

డబ్బిచ్చి పెట్టుకున్న పన్నెండుమందిలో ఒక్కరైనా ఈ మాట చెప్పేవారంటారా?

ఇంకో సంగతి. పద్నాలుగు రోజులు గడిచాక విడుదలకు అనుమతి కోరుతూ అర్జీ పెట్టాలి. అందులో కొన్ని ప్రశ్నలు అడుగుతారు. టెస్టర్లను ఎలా సంపాదించారు, వాళ్ళు యాప్‌ను ఏ మాత్రం వాడారు, ఏం చెప్పారు, దాన్నిబట్టి మీరేం మార్చారు – ఇలాగన్నమాట. ఉత్తుత్తి మనుషులను చూపించినవాళ్ళు ఇక్కడ నీళ్ళు నమలవలసి వస్తుంది. మా పిల్ల దగ్గర రాయటానికి చాలినంత సరుకుంది. అనుమతి వచ్చింది.

ఇంతకీ పరాయివాళ్ళను అడిగి చూపించుకోవటం చిన్నతనం అనుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకోసం ఒక ముచ్చట చెప్తాను. 1991 ఆగస్టు 25న ఫిన్లాండు దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకునే ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడు లైనస్ టోర్వాల్డ్స్, కంప్యూటరు వాళ్ళు చర్చించుకునే చోట ఒక చిన్న సందేశం పెట్టాడు. తను సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నాననీ, అదేమంత పెద్దది కాబోదనీ చెప్పుకున్నాడు. అంతకు ముందునుంచీ ఉన్న మినిక్స్ అనే దాన్ని వాడేవాళ్ళను, అందులో మీకు ఏది నచ్చింది, ఏది నచ్చలేదు అని అడిగాడు. సలహాలు చెప్పమన్నాడు గాని, అన్నీ చేస్తానని మాత్రం మాటివ్వలేదు. అదే లినక్స్ అయింది. ఎక్కడెక్కడివాళ్ళో పరీక్షించారు, దిద్దారు, చెయ్యి కలిపారు. ఇవాళ మన చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను లోపలి గుండెకాయ అదే.

ఆ కుర్రవాడు “నాది బాగుందా?” అని అడగలేదు, గమనించారా? “మీకు ఏది ఇబ్బందిగా ఉంది?” అని అడిగాడు. మన తెలుగు వికీపీడియా సంగతీ అంతే. 2003 డిసెంబరులో మొదలైంది. జీతం పుచ్చుకోకుండా, వీలున్నప్పుడు కూర్చుని రాసేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరబట్టి నిలబడింది.

ఇక అసలు పనికి వస్తాను. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటిది తయారుచేస్తుంటే, నలుగురిని కూడగట్టటంలో మీరు ఎలా సాయపడవచ్చో వరసగా చెప్తాను.

మొట్టమొదట, చుట్టాలతోనే సరిపెట్టుకోవద్దు. పెళ్ళిచూపుల్లో పెట్టిన ఉప్మాను ఎవరైనా బాగాలేదన్నారా? మేనత్తలూ, పిన్నులూ కూడా అంతే. “మా పిల్ల చేసింది, బంగారంలా ఉంది” అంటారు. ఆ మాటతో కడుపు నిండుతుంది గాని యాప్ బాగుపడదు. ఆ ఇబ్బంది నిజంగా ఎవరికుందో వాళ్ళను వెతకాలి. పిల్లల టీకాల తేదీలు గుర్తుచేసే యాప్ అయితే పసిపిల్లల తల్లులను అడగాలి. మందుల వేళలు చెప్పేదైతే పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో అడగాలి. పొదుపు సంఘాలు, భజన బృందాలు, కుట్టు తరగతులు, గ్రంథాలయం, పాత క్లాసుమేట్ల వాట్సాప్ గుంపు – ఇవన్నీ మనకు తెలిసిన చోట్లే కదా.

రెండోది, పన్నెండు కావాలంటే పద్దెనిమిది, ఇరవైమందిని పిలవాలి. భోజనానికి పిలిచినప్పుడు రాలేనివాళ్ళను లెక్క వేసుకుంటామే, అలాగే. అందులో రకరకాల ఫోనులవాళ్ళు ఉండాలి. కొత్తదీ, పాతదీ, అద్దం పగిలినదీ, చోటు నిండిపోయినదీ అన్నీ ఉంటేనే మంచిది.

మూడోది, ఇల్లాళ్ళ ఫోనుల్లో తరచుగా తటస్థపడే చిక్కు. టెస్టరుగా చేరాలంటే ఏ మెయిలు మీద ప్లే స్టోరు నడుస్తోందో ఆ మెయిలు ఇవ్వాలి. మన ఫోనులు కొడుకో, కూతురో కొనిచ్చి వాళ్ళ మెయిలే పెట్టి ఉంటారు. మనకు ఆ సంగతే తెలియదు. మనం వేరే మెయిలు చెప్తాం, పంపిన లింకు నొక్కితే యాప్ దొరకలేదంటుంది. అంచేత ముందు ప్లే స్టోరు తెరిచి, పైన మూలనున్న గుండ్రటి బొమ్మ నొక్కి, అక్కడ కనిపించే మెయిలునే రాసి ఇవ్వండి. తరవాత వచ్చిన లింకు నొక్కి టెస్టరుగా చేరతానని ఒప్పుకోవాలి. ఆపైన ప్లే స్టోరులోంచే దించుకోవాలి. పద్నాలుగు రోజులు గడిచేదాకా ఆ జాబితాలోంచి బయటికి రాకూడదు. ఈ పరీక్ష సమయంలో మీరు స్టోరులో రాసే అభిప్రాయం తయారుచేసినవాళ్ళకే వెళ్తుంది, పదిమందిలో కనబడదు. అంచేత మొహమాటం లేకుండా రాయవచ్చు.

నాలుగోది, తయారుచేసిన పిల్లలకు చెప్పవలసిన మాట. వాడేవాళ్ళ పక్కన కూర్చుని చూడాలి, నోరు మాత్రం మెదపకూడదు. “అది కాదండీ, ఇక్కడ నొక్కండి” అని చెప్పేస్తే ఇక తెలిసేదేముంది? రేపు విడుదలయ్యాక ఇంటింటికీ వెళ్ళి చెప్తారా? ఆవిడ వేలు ఎక్కడ ఆగింది, ఏ మాట చదివి తికమకపడింది అనేవి రాసుకోవాలి. “బాగుందా?” అని కాక, “నిన్న ఎక్కడ ఆగిపోయారు?” అని అడగాలి. రోజుకో చిన్న పని అప్పజెప్పటం ఇంకా మంచిది. ఇవాళ పాలపద్దు రాయండి, రేపు ఒక రోజు తీసెయ్యండి, ఎల్లుండి ధర మార్చండి – ఇలా. ఊరికే ఫోనులో ఉంచుకున్నందువల్ల ఏ లోపమూ బయటపడదు.

ఇలా పక్కన కూర్చుని చూడటానికి ఎంతమంది కావాలంటే, ఎక్కువమంది అక్కర్లేదు. ఈ విద్యలో పేరున్న జేకబ్ నీల్సన్ అనే ఆయన 2000 సంవత్సరంలో ఒక వ్యాసం రాశాడు. ఒక్కో మనిషిని కూర్చోబెట్టి చూస్తే ఉన్న చిక్కుల్లో సగటున 31 శాతం బయటపడతాయనీ, ఐదుగురిని చూసేసరికి సుమారు 85 శాతం తెలిసిపోతాయనీ ఆయన లెక్క. అందుకని ఒకేసారి పదిహేనుమందిని చూడటం కంటే, ఐదుగురిని చూసి, దిద్దుకుని, మళ్ళీ ఐదుగురికి చూపించటం మేలన్నాడు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందని మన వాళ్ళు ఎప్పుడో అన్నారు కదా. స్టోరు అడిగే పన్నెండుమంది లెక్క వేరు, అది షరతు. ఈ ఐదుగురి లెక్క మన బాగుకోసం.

ఐఫోనుల సంగతి కూడా ఒక్క మాట. అక్కడ టెస్ట్‌ఫ్లైట్ అనే ఏర్పాటు ఉంది. ఇంతమంది ఉండి తీరాలనే షరతు లేదు. బయటివాళ్ళు 10,000 మంది వరకూ చేరవచ్చు. ఒక్కో ప్రతి 90 రోజులు పనిచేస్తుంది. కాని తయారుచేసేవాళ్ళు ఏటా 99 డాలర్లు కట్టుకోవాలి. ఖర్చెక్కువ గనుక ఇంటి పట్టున చేసుకునేవాళ్ళు చాలామంది ఆండ్రాయిడ్‌తోనే మొదలుపెడతారు.

టెస్టర్ల సంగతి అయింది. ఇక పొత్తుదారుల మాట. యాప్ కాస్త నడవగానే ఒక్కరి చేత కాదు. ఒకరు బొమ్మలు వెయ్యాలి, ఒకరు తెలుగు మాటలు సరిచూడాలి, ఒకరు ఐఫోనుకు తగ్గట్టు రాయాలి. స్నేహంకొద్దీ వచ్చి కలుస్తారు. మొదట్లో అంతా తేనెలా ఉంటుంది. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందని సామెత ఉండనే ఉంది. ఇద్దరిదీ అనుకున్నది ఎవరూ చూడరు, లేదా లాభం కనిపించగానే ఇద్దరూ నాదంటే నాదంటారు.

అందుకని కలిసిన రోజే ఒక కాగితం మీద ఆరు సంగతులు రాసుకోమనండి. ఎవరు ఏ పని చేస్తారు, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు, ఖాతా ఎవరి పేరున ఉంటుంది, తాళంచెవుల్లాంటి ఆ పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉంటాయి, డబ్బు వస్తే ఎలా పంచుకుంటారు, మధ్యలో ఒకరు మానుకుంటే వాళ్ళు చేసిన పని ఎవరిది – ఆఖరిదే ముఖ్యం సుమండీ. మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనల్లో జమకడుతుంది. సాధారణంగా రాసినవాళ్ళే దానికి మొదటి హక్కుదారులు. ఆ హక్కు మరొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. “మాటనుకున్నాం కదా” అంటే చెల్లదు.

ఉద్యోగం చేస్తున్న పిల్లలైతే తమ నియామకపు కాగితాలు ఒకసారి తీసి చదువుకోవాలి. ఉద్యోగంలో భాగంగా రాసినదానిపై యజమానికి హక్కుంటుంది. బయట చేసే సొంత పనికి అనుమతి కావాలని కొన్ని చోట్ల ముందే రాయించుకుంటారు. ఆఫీసు వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ మీద సొంత పని చెయ్యకపోవటమే క్షేమం.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. నేనింతసేపూ “పిల్లలు అడిగితే చేరండి” అన్నాను కదా, అలాగని ఎవరు ఏది పంపినా నొక్కెయ్యమని కాదు. మా మేనకోడలి టెస్టరు కొడుకు భయపడ్డాడంటే అతని తప్పేమీ లేదు. ఇటీవలి సంవత్సరాల్లో పెళ్ళి శుభలేఖ అని, ట్రాఫిక్ చలానా అని వాట్సాప్‌లో ఏపీకే అనే ఫైలు పంపి, అది నొక్కినవాళ్ళ బ్యాంకు ఖాతాలు ఖాళీ చేస్తున్నారు. “ఇంటిపట్టునే ఉండి యాప్‌లకు రేటింగు ఇవ్వండి, డబ్బు సంపాదించండి” అని గృహిణులకే వల వేస్తున్నారు. మొదట వంద, రెండు వందలు నిజంగానే వేస్తారు. తరవాత మన చేతే వేలకు వేలు కట్టించుకుని మాయమవుతారు.

అంచేత మంచి పరీక్షకూ మోసానికీ తేడా పట్టుకోవటానికి కొన్ని గుర్తులు పెట్టుకోండి. అడిగే మనిషి ముఖం మనకు తెలిసి ఉండాలి, లేదా మనకు తెలిసినవాళ్ళకు తెలిసి ఉండాలి. యాప్ ప్లే స్టోరులోంచే రావాలి. విడిగా ఫైలు పంపితే నొక్కవద్దు. పద్దులు రాసుకునే యాప్‌కు మన మెసేజీలు చదివే అనుమతి ఎందుకు? అడిగితే ఇవ్వకండి. ఓటీపీ, యూపీఐ పిన్ను ఏ టెస్టరునూ ఎవరూ అడగరు. టెస్టరుగా చేరటానికి డబ్బు కట్టమంటే ఇటునుంచి ఇటే వెనక్కి రండి. ఒకవేళ ఏదైనా పోయిందనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా 1930 నెంబరుకు ఫోను చెయ్యాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే చోట ఫిర్యాదు కూడా రాయవచ్చు. ఎంత త్వరగా చెప్తే డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

అడిగే పిల్లలు కూడా ఈ భయం తెలుసుకుని మసలుకోవాలి. ఊరికే లింకు పడేసి “చేరండి ప్లీజ్” అంటే ఎవరు చేరతారు? ఈ యాప్ దేనికి, ఎన్ని రోజులు, నా ఫోనులోంచి ఏమి తీసుకుంటుంది, వద్దనుకుంటే నేను రాసిన లెక్కలు ఎలా చెరుపుకోవాలి అనే నాలుగు సంగతులూ తెలుగులో, నాలుగు వాక్యాల్లో ముందే రాసి ఇవ్వాలి. మన వివరాలు తీసుకునేవాళ్ళు ఎందుకో చెప్పి, మన ఒప్పుదల పొందాలని 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా చెప్తోంది. ఒప్పుకుని చేరినవాళ్ళకు ఆఖర్న కబురు చెప్పటం మర్యాద. “మీరు చెప్పిన ఫలానాది మార్చాం” అని ఒక్క ముక్క రాస్తే, ఇంకోసారి అడిగినప్పుడు వాళ్ళే ముందుకొస్తారు. మా పిల్ల ఆ యాప్‌లో ఒక పక్కన, ఒప్పుకున్నవాళ్ళ పేర్లు పెట్టింది. పనమ్మాయి తన పేరు వాళ్ళాయనకూ, తను పనిచేసే ఆరిళ్ళవాళ్ళకూ చూపించుకుంది.

“మనకేం తెలుసు, చదువుకున్నవాళ్ళను అడగండి” అని తప్పించుకోవటం మనకు అలవాటు. కాని ఇంటి లెక్క ఎన్ని రకాలుగా తప్పుతుందో, పాలవాడి నెల ఏ తారీఖున మొదలవుతుందో, పనమ్మాయికి పండగ ముందు ఎంత అడ్వాన్సు ఇస్తామో, ఇవి ఏ కాలేజీలో చెప్తారు? ఇన్నేళ్ళుగా ఇల్లు నడిపినవాళ్ళకే తెలుస్తాయి. టెస్టరుగా చేరితే మనం ఎవరికో ఉపకారం చేస్తున్నామని కూడా అనుకోనక్కర్లేదు. మన ఫోనులో పనికొచ్చే వస్తువు మనకు తగ్గట్టుగా తయారవుతుంది. అక్షరం పెద్దది చేస్తే గుర్తు జారిపోకుండా ఉంటుంది, తెలుగు మాట తెలుగులా ఉంటుంది.

కనుక ఈ వారంలో మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని ఎవరైనా కుర్రవాడో, అమ్మాయో మొహమాటపడుతూ, “ఆంటీ, ఒక చిన్న యాప్ చేశాను, చూస్తారా?” అని అడిగితే, ముందు ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. సమాధానాలు సరిగ్గా ఉంటే కళ్ళజోడు పెట్టుకుని కూర్చోండి. పద్నాలుగు రోజులు రోజుకు ఐదు నిమిషాలు వాడండి. బాగాలేనిది బాగాలేదని చెప్పండి. ఇంకో ఇద్దరిని మీరే వెంటబెట్టుకు వెళ్ళండి.